మా నాన్న చెవిలో రెండు పిట్టలు

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియనిదంటూ లేదు. (ఏం తెలుసురా అని అడిగే ధైర్యం మా ఇంట్లో నాన్నకొక్కడికే ఉండేది.) ఆయనలా బొగ్గుగనిలోకి దిగనని, అడవిలో పిట్టల సర్వే ఉద్యోగమే చేస్తానని మొండికేశాను. చర్ల అడవుల్లో సర్వేకు మనుషులను తీసుకునే మేడం నాకో పరీక్ష పెడతానంది. చలికాలంలో మన వైపు రెండు రకాల ఎర్రగొంతు పిట్టలు వస్తాయి, ఒకటి యూరప్ నుంచి, ఇంకొకటి సైబీరియా నుంచి. చూడ్డానికి కవలలే. యూరప్ దాని ముక్కు కింది భాగం లేత రంగు, రెండోదాని ముక్కు మొత్తం నలుపు. కూతల్లోనూ కాస్త తేడా ఉంటుంది. ఏది ఏ పిట్టదో పైకి చెప్పుకుంటూ ఆ రెండు కూతలనూ పది రోజులు ఫోన్లో మోగిస్తూనే ఉన్నాను. నైట్ షిఫ్ట్ చేసి పడుకున్న నాన్న దుప్పట్లోంచే, "రాత్రంత గని మోత, పొద్దుగాల నీ పిట్టల మోత. ఏందిరా గిది" అనేవాడు.

పరీక్ష రోజు బస్సు తప్పిపోతే ఆయనే స్కూటర్ మీద టేకులపల్లి అడవికి తీసుకెళ్లాడు. దింపి పోకుండా అక్కడే ఓ రాయి మీద కూర్చున్నాడు. ఇంతలో ఒక పిట్ట కొమ్మ మీద వాలి, తోక ఎగరేసి కూసింది. ఎండకు దాని ముక్కు మెరిసి, కింది భాగం లేతగా కనిపించింది. "యూరప్ పిట్ట మేడం" అన్నాను, దాని పాస్‌పోర్టు చూసినంత ధీమాగా.

వెనక నుంచి నాన్న, "కాదు బిడ్డా, రెండోది" అన్నాడు.

నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. (గని కార్మికుడి కొడుకు అలా అనుకోకూడదు.)

"ఎట్ల చెప్పిన్రు?" అని అడిగింది మేడం.

"నేను సూడలే మేడం, ఇన్న. గనిల రూఫ్‌ను రాడ్‌తోని కొట్టి మోత ఇంటం. గట్టిదైతే ఒక తీరు, బోలుదైతే ఇంకో తీరు. తప్పు ఇంటే నెత్తిన పడ్తది. యూరప్ పిట్ట కూత గింజ గింజ వేరుగ ఇనబడ్తది. గిది బిర్రున ఒక్కటే మోత."

మేడం టెలిస్కోప్‌లో చూసింది. ముక్కు మొత్తం నలుపే. ఇక నా వైపు తిరగనైనా తిరగకుండా, సర్వేకు వస్తారా అని నాన్ననే అడిగింది.

"నాకు సెకండ్ షిఫ్ట్ ఉన్నది మేడం. వీన్ని తీస్కపోండ్రి. కండ్లు మంచిగనే ఉన్నయ్. చెవులు నేను సక్కజేస్త."

అలా దొరికింది ఉద్యోగం. ఆనాటి రిపోర్టులో పిట్టను గుర్తించినవారు అన్నచోట మాత్రం నా పేరే రాసుకున్నాను. నాన్నకు చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని చదివి, "దస్తూరి మంచిగున్నది" అన్నాడు, అంతే. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు, కళ్లు మూసుకుని ముందు వినండి అని నేనే పాఠం చెబుతున్నాను. ఆ ధీమా కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడి చెవి మెలేసి, ఆ పేరు కొట్టేయించి, నాన్న పేరు రాయించాలనీ అనిపిస్తుంది.