ఈస్ట్ ఫేసింగ్ కశ్మీర్

కశ్మీర్‌కు ఉన్న ప్రత్యేక ప్రతిపత్తిని తీసేసిన వారం అది. ఇంగ్లిష్‌వాళ్ల దేశంలో, స్లౌ స్టేషన్ బయట నేనూ, మా ఆఫీసులో పనిచేసే ప్రసాదూ టాక్సీ ఎక్కాం. ప్రసాద్‌ది గుంటూరు. ఎక్కిన దగ్గర్నుంచీ ఫోన్‌లో వాళ్ల బావతో ఒకటే గోల.

“ఇక అక్కడ మనం కూడా స్థలం కొనుక్కోవచ్చంట బావా. ఈస్ట్ ఫేసింగ్ బిట్ ఏదన్నా దొరుకుద్దేమో చూడు.”

మావాళ్లు వారం నుంచీ వాట్సాప్‌లో ఒలకబోస్తున్న దేశభక్తి చివరికి ప్లాటు దగ్గర తేలింది.

తెలుగు రాకపోయినా కశ్మీర్ అన్న మాట డ్రైవరు చెవిన పడింది. నెరిసిన గడ్డం పెద్దాయన. “మాదీ కశ్మీరే బేటా. పాకిస్తాన్ వైపు, మీర్‌పూర్,” అన్నాడు హిందీలో. “ఆనకట్ట కట్టి మా ఊరిని ముంచేశారు. ఏటా నీళ్లు తగ్గినప్పుడు సమాధులు బయటపడతాయి. నేను వెళ్లి మా తాత సమాధి మీద బురద కడిగి, ఫాతిహా చదివి వస్తాను. మళ్లీ నీళ్లొచ్చేస్తాయి.”

ప్రసాద్‌కు హిందీ అంతంత మాత్రం. నేను తెలుగులో చెబితే శ్రద్ధగా విన్నాడు. ఊళ్లు ముంచి కట్టిన నాగార్జునసాగర్ నీళ్లతో పండిన అన్నం తిని పెరిగినవాడు కదా, బాధపడతాడనుకున్నాను.

“నీళ్లు ఊరికి ఈశాన్యంలో ఉన్నాయేమో అడుగు మామా,” అన్నాడు. “వాస్తుకి చాలా మంచిది.”

డ్రైవరు అద్దంలోంచి నా వైపు చూశాడు. “ఏమంటున్నాడు?”

“అయ్యో పాపం అంటున్నాడు,” అన్నాను.