నా నోటి డప్పు, నా చెవిటి కోపం

గెలిచినవాళ్లు తమ గెలుపు సంగతి మొదలుపెడితే పక్కనున్నవాళ్లకు ఆవలింతలొస్తాయి. మీరు కాస్త ఆపుకోండి. నేను చెప్పబోయేది గెలిచిన పోటీని రెండు నిమిషాల్లో ముక్కలుముక్కలు చేసుకున్న ఒక మూర్ఖురాలి సంగతి. ఊరు బోధన్, పేరు సుగుణ. అంటే నేనే. పేరు పెట్టిన మా బాపును ఏమీ అనలేను. పుట్టినప్పుడు నేను గట్టిగా ఏడవలేదట, ఆయన మోసపోయాడు.

సెల్‌ఫోన్లకు రంగుల తెరలు కొత్తగా వస్తున్న రోజులవి. నాకు పంతొమ్మిదేళ్లు. కోపం ముక్కు మీద ఉంటుందంటారు కదా, నా కోపానికి ముక్కు చాలక చెవుల దాకా పాకేది. ఒకసారి అక్కడికి చేరిందంటే ఇక ఎవరేం చెప్పినా వినపడేది కాదు.

నా దోస్తు రజియా ఇంటర్నెట్ సెంటర్‌లో పనిచేసేది. ఒకరోజు ఎవడో విదేశీ కుర్రాడు నోటితోనే డ్రమ్ములు వాయిస్తున్న వీడియో చూపించింది. దాన్ని బీట్‌బాక్సింగ్ అంటారట.

"గిదేం గొప్పనే? మా అవ్వ తిట్టేటప్పుడు గిట్లనే సప్పుడొస్తది" అన్నాను.

అన్నానే గాని, ఆ రోజు నుంచి నా పెదాలు నా మాట వినలేదు. బస్టాండులో, క్లాసులో, బోరింగు దగ్గర, ఎక్కడపడితే అక్కడ ధుమ్ ధుమ్ టక్. ఇంట్లో అవ్వ, అంటే మా అమ్మ, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తుంటే, ఎదురుగా కూర్చుని ఒక పెద్ద "ఫుఫ్!" వదిలాను. చాటలో తంబాకు లేచి నేరుగా ఆమె కళ్లలో పడింది.

"నోరా అది, పిండిగిర్నీయా? కండ్లల్ల మన్ను గొట్టినవు గదనే!"

"మన్ను గాదవ్వా, తంబాకు."

ఆ సవరణకు చాట నా వీపు మీద విరిగినంత పనైంది. సరిగ్గా అదే వారం నిజామాబాద్‌లో యువజనుల పోటీలని తెలిసింది. వెళ్తానంటే, ఇంకా ఎర్రగా ఉన్న కళ్లు తుడుచుకుంటూ అవ్వ షరతు పెట్టింది.

"ముద్ర గొట్టిన కాయితం తే. తెస్తె ఎంతన్న ఊదుకో, నేనేమన. తేకపోతె నోరు మూసుకొని కుట్టుమిషన్ నేర్సుకో."

పోటీ రోజు రజియాను వెంటబెట్టుకుని బస్సెక్కాను. ముందు ఒక చెరుకు ట్రాక్టరు, దాని వెనక రెండు ట్రాలీలు. పెళ్లికూతురు పీటల మీదికి నడిచినట్టు నడుస్తోంది. బస్సు ట్రాలీల పక్కకొచ్చినప్పుడల్లా బుద్ధిమంతులు కిటికీలోంచి చెరుకు గడ లాక్కుని నమిలారు. నేను నా పళ్లే నమిలాను.

హాలు దగ్గర రిజిస్టరు ముందేసుకుని ఒక పెద్దమనిషి కూర్చున్నాడు.

"బీట్‌బాక్సింగ్‌కు పేరు రాయుండ్రి" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఆడపిల్లలకు బాక్సింగ్ లేదమ్మా. త్రోబాల్ ఉన్నది, రాయాల్నా?"

"కొట్టుకునుడు కాదు సార్. నోటితోటి వాయించుడు."

"అట్లనా! మిమిక్రీ అను మరి. కుక్క వస్తదా నీకు?"

"కుక్క రాదు సార్, కరుసుడు వస్తది."

రజియా నన్ను పక్కకు లాగి తనే మిమిక్రీ కింద పేరు రాయించింది. లేకపోతే నా పోటీ ఆ బల్ల దగ్గరే ముగిసేది.

మొత్తం అయిదుగురం. ఇద్దరు మైకు చూసి పారిపోయారు. ఒకడు నిజంగానే కుక్కలా అరిచి దిగిపోయాడు. మిగిలింది నేనూ, నిజామాబాద్ కుర్రాడు విక్కీ. తిరగేసిన టోపీ, హాల్లో కూడా నల్లకళ్లద్దాలు. ఎదురెదురుగా నిలబెట్టి, వంతులవారీగా వాయించమన్నారు. వాడు మొదలుపెట్టాడు. అబద్ధమెందుకు, బాగా చేశాడు. మైకు నా చేతికిస్తూ నవ్వాడు.

"అక్కా, నువ్వేంజేస్తవ్? పోపేస్తవా?"

హాలంతా గొల్లుమంది. నా కోపం పొద్దుటి బస్సులా కాదు, ముందు ట్రాక్టరు లేని బస్సులా వచ్చింది.

"పోపే ఏస్త. సూడు."

నేను అనుకుని వచ్చిన దరువు పూర్తిగా మరిచిపోయాను. నూనె కాగిన చప్పుడు చేశాను. ఆవాలు చిటపటలాడించాను. కరివేపాకు వేసి చుయ్యిమనిపించాను. ముందు వరసలో ఒకావిడ నిజంగానే తుమ్మింది. ఆ చిటపటలనే తాళం చేసుకుని, కుక్కర్ మూడు విజిళ్లు వేయించి, మూడో విజిల్ మీద తీన్మార్ డప్పులోకి దూకాను. చివరి వరస లేచి ఎగరడం మొదలుపెట్టింది. రిజిస్టరు పెద్దమనిషి తల ఊపుతున్నాడు. విక్కీ బదులివ్వబోయాడు గాని గాలి సగం దారిలో ఇరుక్కుని దగ్గొచ్చింది.

న్యాయనిర్ణేత మృదంగం నేర్పి రిటైరైన ఒక పెద్దసారు. మేం కిందికి దిగి కూర్చున్నాక, కాగితం చూస్తూ మైకు అందుకున్నారు. హాల్లో ఈలలు, మైకులో గరగర. నా చెవిన పడింది ఇంతే:

"విక్కీ... గర్ర్‌ర్... మొదటి బహుమతి..."

చూస్తే విక్కీ సారు పక్కన నిలబడి కాగితం అందుకుంటున్నాడు. ఫోటో తీస్తున్నారు.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. నాకు మద్దెల లేదు, నోరే మద్దెల. కాబట్టి సారునే ఓడు అనుకున్నాను. రెండు కుర్చీలు దాటి స్టేజీ మీదికెక్కాను.

"అరే, రుకో! ఆగవే, పూరా విను!" రజియా చున్నీ పట్టుకుంది. చున్నీ ఆమె చేతిలోనే ఉండిపోయింది, నేను ఆగలేదు.

"సార్! దగ్గినోనికి బహుమతా? హాలు లేసి ఎగిరింది మీకు కనవడలేదా? ఈ ఊరోడని ఇచ్చిండ్రా? బోధన్ నుంచి వచ్చినోల్లు మనుషులు గారా?"

ఆ పెద్దాయన కంగారు పడకుండా ఇంకో కాగితం నా చేతిలో పెట్టారు.

"ముందు ఇది తీస్కో బిడ్డా."

పాల్గొన్నవాళ్లందరికీ ఇచ్చే ఓదార్పు కాగితమనుకున్నాను.

"మీ దయాదాక్షిణ్యం కాయితం నాకొద్దు!"

చింపి రెండు చేశాను. నాలుగు చేశాను. ఎనిమిది చేసి పైకి విసిరాను. ఫోటో తీసేవాడు కెమెరా దించేశాడు. ఆహా, దెబ్బ తగిలింది అనుకున్నాను.

విక్కీ వంగి తన చెప్పు మీద పడిన ముక్క తీశాడు. నల్లకళ్లద్దాలు పైకి నెట్టి చదివాడు.

"అక్కా... గిండ్ల ప్రథమ అని ఉన్నది."

"ఏంది?"

రజియా కింద నుంచి అరిచింది. "విక్కీకి రెండోది అన్నరే! సుగుణకు మొదటిది! నీకు చెవులున్నయా, అమ్మేసినవా?"

నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. నా నోరు మంచిదే, ఆ పూట ఊరూ మంచిదే. చెడ్డవి చెవులు రెండే.

"సార్, ఇంకోటి రాసియ్యరా?" నా గొంతు పిల్లి గొంతైంది.

"ఒక్కొక్కటే అచ్చేసినమమ్మా" అన్నారాయన. "కోపంల గూడ తాళం తప్పలేదు నువ్వు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. మంచిగ చింపినవ్."

తర్వాత అరగంట మొదటి బహుమతి విజేత కుర్చీల కింద పాకింది. రెండో బహుమతి విజేత కూడా పాకాడు, పాపం. ముక్కలన్నీ దొరికాయి. ముద్ర మాత్రం సరిగ్గా నడిమికి రెండైంది.

ఇంటికొచ్చి అన్నం మెతుకులతో అతికించి అవ్వ ముందు పెట్టాను. అవ్వకు చదువు రాదు గాని ముద్ర తెలుసు.

"ముద్ర పలిగిందేందే?"

"చింపిన."

"గెలిచినోల్లు ఎవలన్న చింపుకుంటరా? ఓడినవు గదనే, సత్తెం జెప్పు."

"గెలిచిన!" నేను మళ్లీ భగ్గుమన్నాను. "ఓడిననుకొని చింపిన!"

అవ్వ చాట పక్కన పెట్టింది. నన్ను చాలాసేపు చూసింది. అతుకుల కాగితాన్ని ఇంకా చాలాసేపు చూసింది. చివరికి తీర్పు చెప్పింది.

"గింత కోపమున్నదాన్ని మిషన్ మీద కూసోబెడితె ఊరోల్ల గుడ్డలన్ని చింపుతవ్. నువ్వు నోటితోటే ఊదుకో, పో."

అట్లా నా కళ బతికిపోయింది. ఆ రోజే దేవుడి పటం ముందు నిలబడి, కర్పూరం వెలిగించి, గంభీరంగా ఒట్టు పెట్టుకున్నాను. ముద్ర ఉన్న ఏ కాగితాన్నీ మూడుసార్లు చదవకుండా చింపను. ఇన్నేళ్లుగా ఆ ఒట్టుకు కట్టుబడే ఉన్నాను. కోపం మానేస్తానని మాత్రం ఒట్టు పెట్టుకోలేదు. దేవుడి ముందు అబద్ధమాడకూడదు కదా.