మచ్చ పడిన స్వరం

ఈ కింద రాయబోయేదంతా అక్షరాలా నిజం. ఒట్టు పెట్టడం మా ఇంట్లో తప్పు గనుక, వంటింటి అలమరాలో ఉన్న జీడిపప్పు డబ్బా మీద చెయ్యి వేసి మాత్రం గంభీరంగా చెబుతున్నాను, ఇందులో నూకంత కల్తీ కూడా లేదు.

మొన్న పొద్దున్న ఉప్మా తింటుంటే పంటి కింద జీడిపప్పు బద్ద తగిలింది. నమలడం ఆపి, వేలితో బల్ల మీద రెండుసార్లు కొట్టి, అప్పుడు మింగాను. ఎదురుగా కూర్చున్న మా ఆవిడ చూసి, "యాభై దాటిపోనాయి, ఇంకా పోలేదేటి ఆ రోగం?" అంది. పోలేదు, పోదు కూడా. బద్ద అంటే రెండు మాత్రలు, అది పదేళ్ళ వయసులో నా పళ్ళకు పట్టిన చదువు.

మాది పలాస దగ్గర ఊరు. మా మేనత్త జీడిపప్పు కార్ఖానాలో పప్పు ఏరేది. చిన్నప్పుడు మిషన్ ఆసుపత్రిలోని ఒక ముసలి నర్సమ్మ దగ్గర ఇంగ్లీషు సంగీతపు గుర్తులు చదవడం నేర్చుకుందట. మా చర్చిలో దొరల కాలం నాటి నొటేషన్ పుస్తకం ఒకటి ఉండేది, దాన్ని చదవగలిగింది ఊరు మొత్తం మీద ఆవిడ ఒక్కతే. మా తాతయ్య, అంటే ఆవిడ కన్నతండ్రి, సంఘానికి పెద్ద, హార్మోనియం వాయించేవాడు, ఆ పాటలన్నీ చెవితోనే పట్టినవాడు, ఆయన కళ్ళకు మాత్రం ఆ పుస్తకం నిండా చీమల బారులే. అత్త పిల్లలం పదిమందిని పోగుచేసి శనివారం సాయంత్రాలు నేర్పడం మొదలుపెడితే ఆయనకు నమ్మకం కుదరలేదు. "నువ్వు పాడతన్నావు, ఈలు సిలకల్లాగ అంటన్నారు. దీన్ని సదవడం అంటారేటే అమ్మీ?" అని, కోతల పండగనాడు తాను తీసిన పేజీని పిల్లలు చూసి పాడితే సరే, లేదంటే పుస్తకం ట్రంకుపెట్టెలోకి, శనివారాల బడి మూత అని తేల్చేశాడు. వారమంతా పొట్టు మధ్య కూర్చునే అత్తకు ఆ శనివారం సాయంత్రం తప్ప మరో సరదా లేదని మా అందరికీ తెలుసు.

అత్త అరుగు మీద గోనెపట్టా పరిచి, బొగ్గుతో ఐదు గీతలు గీసి, వాటి మీద జీడిపప్పులు పెట్టేది, పప్పు ఎంత పై గీత మీద ఉంటే గొంతు అంత పైకి లేవాలి. పుస్తకంలో వాటికి సెమిబ్రీవ్, మినిమ్, క్రాచెట్ అని నోరు తిరగని పేర్లున్నాయి గానీ మాకు వాటితో పని లేకపోయింది. తెల్లటి గుండు పప్పు నాలుగు మాత్రలు, అంటే వేలితో నాలుగు దెబ్బలు కొట్టేంత సేపు. బద్ద పక్కన చీపురుపుల్ల పెడితే రెండు. మాడిన ముక్కకు పుల్ల పెడితే ఒకటి, ఆ పుల్లకు పొట్టు తోకలా అతికిస్తే అర. తెల్లదానికి విలువ ఎక్కువ, మాడినదానికి తక్కువ అన్నది మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు గనుక మేము నెల తిరక్కుండా లెక్క పట్టేశాం. పాట మధ్యలో ఊరుకోవలసిన చోట అత్త జీడిపిక్క పెంకు పెట్టేది. పెంకులోని జీడి రసం తగిలితే పెదవులు పొక్కిపోతాయి కాబట్టి అది కనిపించగానే అందరి నోళ్ళూ వాటంతటవే మూతపడేవి. సరిగ్గా చెప్పినవాడు చెప్పిన స్వరాన్ని తినెయ్యవచ్చు. గుండు పప్పు మాత్రం ఉన్నది ఒక్కటే, దాన్ని తినడానికి వీల్లేదు. ఒక శనివారం ఆ ఒక్కదాన్నీ ఒక కాకి ఎత్తుకుపోయి, పనసచెట్టెక్కి మింగి, లెక్కగా నాలుగుసార్లు అరిచి ఊరుకుంది. "అదీ పాఠం అప్పజెప్పడమంటే!" అంది అత్త మా వంక చూసి.

కోతల పండగ వచ్చింది. గుమ్మడికాయలూ అరటిగెలలూ వరికంకులూ నిండిన చర్చిలో తాతయ్య మేమెన్నడూ వినని పాట ఒకటి నంబరు చూసి తీసి స్టాండు మీద పెట్టి, తాను హార్మోనియం ముందు కూర్చున్నాడు. అత్త చెయ్యి ఎత్తింది. గుండుకు నాలుగు, బద్దకు రెండు, ముక్కకు ఒకటి, తడబడకుండా లాగించేశాం. ఆఖరి స్వరం దగ్గర ఒక తెల్ల బద్ద, దాని పక్కనే నల్లటి చుక్క. అలాంటి చుక్క ఉన్న పాఠం దాకా అత్త ఇంకా రాలేదు. పదిమందిమీ ఒక్క మాత్ర పాడి, కత్తిరించినట్టు ఆపేశాం. హార్మోనియం మాత్రం ఇంకో రెండు మాత్రలు ఒంటరిగా మూలిగింది. అత్త చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"ఏటర్రా ఆపీసినారు?" అన్నాడు తాతయ్య.

నేను ధైర్యంగా ముందుకు వచ్చి, "మచ్చ పడిపోనాది తాతా, అందుకే ఇలువ తగ్గించీసినాం" అన్నాను.

తాతయ్య లేచి వచ్చి, కళ్ళజోడు పైకి తోసి, ఆ చుక్కను వేలితో తడిమి చూశాడు. ఇక నవ్వు మొదలయ్యింది, భుజం మీది కండువా జారి గుమ్మడికాయల మీద పడేదాకా ఆగలేదు. "సిలకలకి మచ్చ కనపడదే అమ్మీ! ఈలు సదివినారే!" అని, పుస్తకం తీసి అత్త చేతుల్లో పెట్టేశాడు. నవ్వుతూనో ఏడుస్తూనో తెలియదు గానీ, ఆ చుక్క సగం విలువ పెంచుతుందని అత్త మాకు అక్కడికక్కడే చెప్పింది. మచ్చ పడితే విలువ పెరిగే లోకం ఒకటి ఉందని తెలిసి మేము నోళ్ళు తెరిచాం.

ఇప్పుడు కార్ఖానాలో పప్పును కెమెరా ఉన్న యంత్రం ఏరుతోంది. చర్చిలో మాటలు తెర మీద వస్తాయి, తాళం కీబోర్డే వేసుకుంటుంది, పుస్తకం అద్దాల బీరువాలో ఉంది. పాటలు బాగానే ఉన్నాయి, కాదనను. అత్తకు పళ్ళు పోయాయి. నానబెట్టిన గుండు పప్పు ఇస్తే బుగ్గన పెట్టుకుని, మంచంపట్టె మీద నాలుగుసార్లు వేలితో కొట్టి, అప్పుడు చప్పరిస్తుంది. ఆ నాలుగు ఎందుకో అడిగే పిల్లలు ఇంట్లో లేరు.

ఇంతవరకూ చదివి మా ఆవిడ గరిటె పట్టుకుని పక్కన నిలబడింది కాబట్టి ఒక్క సంగతి ఒప్పుకోక తప్పదు. ఆ మచ్చ మాట అన్నది నేను కాదు, నా పక్కన నిలబడ్డ అత్త కూతురు. నేను ఆ రోజు పుస్తకం వైపు చూడనే లేదు. ఆమె నోరు చూసి నోరు ఆడించాను, ఆమె ఆపితే ఆపాను. తరవాత ఆమెనే పెళ్ళి చేసుకున్నాను, ఈ ఇంట్లో ఇప్పటికీ అదే పద్ధతి.

కాకి మాత్రం నిజం.