టోపీ మాస్టారి బంతి పరీక్ష

మా కొట్లో హెల్మెట్లు అమ్మే ఆయన్ని అందరూ టోపీ మాస్టారు అంటారు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు, ఎవరికీ టోపీ వేయనూ లేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ క్రికెట్ సామాన్ల కొట్లో ఒకే కౌంటర్ వెనక నిలబడి, వచ్చినవాళ్ళ తలలు కొలుస్తున్నాడు. నేను వెనక గదిలో బ్యాట్లకి పిడులు మారుస్తాను, పగిలినవాటికి దారం చుడతాను. మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక పల్చటి చెక్క గోడ. ఆయన మాట్లాడే ప్రతి మాటా, వద్దన్నా నా చెవిన పడుతుంది.

కొనేవాళ్ళ తీరు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ముందు రంగు అడుగుతారు. తరవాత ధర అడుగుతారు. ఆ తరవాత అద్దంలో అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుంటారు. తల సంగతి ఒక్కడికీ గుర్తురాదు. ఒకాయన కొడుకుని వెంటబెట్టుకొచ్చి, "ఇంత రేటేంటండీ, ఇనప్పెట్టె కొంటున్నామా?" అని వెటకారమాడాడు. మాస్టారు తాపీగా, "మీవాడి తల ఎంతకిస్తారో చెప్పండి, దానికి తగ్గదే చూపిస్తా" అన్నాడు. ఆ పెద్దమనిషి మంచిదే కొనుక్కుపోయాడు.

మాస్టారికి ఒక పద్ధతి ఉంది. కనుబొమలకి ఒక వేలు ఎత్తున టేపు చుట్టి తల కొలుస్తాడు. హెల్మెట్ పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించకముందే "ఏదీ, కాదన్నట్టు తలూపు" అంటాడు. తలతో పాటు హెల్మెట్ తిరగాలి. తల తిరిగి అది అక్కడే ఉండిపోతే తీసి పక్కన పెట్టేస్తాడు. ఆఖరున బంతి పరీక్ష. హెల్మెట్ ముందు అంచుకీ, మొహానికి అడ్డంగా ఉండే ఇనప గ్రిల్‌కీ మధ్య చూడ్డానికి సందు ఉంటుంది కదా, అందులో బంతి పెట్టి రెండు బొటనవేళ్ళతో బలమంతా ఉపయోగించి నొక్కుతాడు. దూరిందా, ఇక ఆ హెల్మెట్ అమ్మడు. యజమాని గింజుకున్నా అమ్మడు. ఆ పరీక్షకని కౌంటర్ మీద ఒక పాత ఎర్ర బంతి ఎప్పుడూ ఉంటుంది. ఆయన చేరకముందు నుంచీ ఉన్న బంతి అది.

ఆయనకి ఒక్కతే కూతురు, పదిహేడేళ్ళది. జట్టులో మొదటి బ్యాటింగ్ దానిదే. ఆట విషయంలో వాళ్ళమ్మ ఏనాడూ అడ్డు చెప్పలేదు గానీ ఒకే ఒక్క మాట అంది: "దాని మొహం మీద గీత పడకూడదు. ఆ పూచీ మీది." మాస్టారు ఆ మాట నాకు చెప్పి నవ్వాడు. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్నవాడికి అదొక లెక్కా అనుకున్నాం ఇద్దరమూ.

ఈ ఏడు కొత్త హెల్మెట్ కోసం పిల్ల కొట్టుకి వచ్చినప్పుడు మాస్టారు మూడు రకాలు తీసి ముందు పెట్టాడు. నేను కూడా పని వదిలేసి చూడ్డానికి వెళ్ళాను. మొదటిది దూదిలా తేలిగ్గా ఉంది, కానీ తలూపితే వెనక వదులు. రెండోది బరువు, పైగా సందు బాగా ఇరుకు. పెట్టుకుని బ్యాట్ పట్టుకుని నిలబడి, "నాన్నా, తలుపు సందులోంచి దొంగచూపులు చూస్తున్నట్టుంది" అంది. మూడోది పెట్టుకోగానే మొహం విప్పారింది. "ఇదే నాన్నా! అంతా కనిపిస్తోంది." మాస్టారు వెంటనే ఒప్పుకోలేదు. బంతి తీసుకుని, నరాలు తేలేలా నొక్కాడు. బంతి సందులో ఇరుక్కుంది గానీ దూరలేదు. "సరే, ఇదే నీది" అన్నాడు. వాళ్ళ కోచ్ మేడం అది చూసి మొత్తం జట్టుకి అవే పురమాయించింది. ఒక్కొక్కటీ నొక్కి చూసేసరికి మాస్టారి బొటనవేళ్ళు వాచిపోయాయి.

పెద్ద జట్టుకి ఆడపిల్లల్ని ఎంపిక చేసే ఆట వచ్చింది. "నువ్వు చూస్తుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు, రావొద్దు నాన్నా" అని పిల్ల ముందే చెప్పింది. ఈయన ఆగుతాడా! నన్ను వెంటేసుకుని మైదానానికి ఆ చివర, ఎవరూ కూర్చోని బల్ల మీద తల వంచుకుని కూర్చున్నాడు. అవతలి జట్టులో ఒక పొడుగాటి పిల్ల బంతి వేస్తోంది. నేల తాకిన బంతి నేరుగా మొహం మీదికి లేస్తోంది. మన పిల్ల మాత్రం బెదరకుండా ముప్ఫై పరుగులు దాటింది. నాకైతే విజిల్ వేయాలనిపించింది, మాస్టారు నా తొడ గిల్లి ఆపాడు.

అంతలో పిల్ల కొట్టిన ఫోర్ హద్దు తాడు దాటి దొర్లుకుంటూ మా బల్ల కిందికి వచ్చింది. మాస్టారు వంగి తీశాడు. తీసి, విసరకుండా అలాగే ఉండిపోయాడు. వేళ్ళతో చుట్టూ తడిమాడు. రోజుకి పదిసార్లు బంతి పట్టుకునే చెయ్యి అది, దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

"ఏమయ్యా, ఇది చిన్నది" అన్నాడు.

నాకు ఒక్క క్షణం పట్టింది. ఆడవాళ్ళ ఆటలో బంతి మగవాళ్ళ బంతి కంటే కాస్త చిన్నది. మా కొట్లో రెండూ ఉన్నాయి, పక్కపక్క అరల్లో. రెండూ అమ్మేది ఈయనే. కానీ పరీక్షకి మాత్రం ఎవరొచ్చినా కౌంటర్ మీది ఆ పాత బంతే, మగవాళ్ళ బంతి. అది ఇరుక్కుందంటే ఇది దూరిపోతుంది. నేనూ పక్కనే నిలబడి చూశాను కదా, నాకేం వచ్చింది రోగం! నా మీద నాకే అసహ్యం వేసింది.

"అంకుల్, బంతి!" అని తాడు దగ్గర ఫీల్డర్ చేతులు చాపింది. ఇవ్వక ఏం చేస్తాడు? ఇచ్చేశాడు.

ఇద్దరం మైదానం చుట్టూ పరుగెత్తి కోచ్ మేడం దగ్గరికి చేరాం. ఆయన ఆయాసంతో సగం సగం మాటల్లోనే చెప్పాడు. ఆమె మొదట నమ్మలేదు. తరవాత సంచీలోంచి ఇంకో బంతి తీసి, పక్కనున్న అలాంటిదే ఇంకో హెల్మెట్ సందులో నొక్కింది. బంతి దూరి లోపల పడింది.

"నా పాతది ఒకటుంది, సందు ఇరుకు. నీళ్ళతో పాటు పంపిస్తాను" అంది మేడం. "కానీ మీరొచ్చారని చెప్పను మాస్టారూ. సెలెక్టర్లు చూస్తున్నారు, పిల్ల కంగారు పడితే అంతా పోతుంది."

"వద్దు వద్దు, నా పేరెత్తకండి. మార్పించండి చాలు" అన్నాడు మాస్టారు.

నీళ్ళు అందించే పిల్ల ఒక చేత్తో సీసా, ఇంకో చేత్తో హెల్మెట్ పట్టుకుని పరుగెత్తింది. దూరంగా మన పిల్ల నీళ్ళు తాగడం కనిపించింది. ఏదో అంది, నవ్వింది, తల అడ్డంగా ఊపింది. నీళ్ళ పిల్ల హెల్మెట్‌తోనే తిరిగొచ్చింది.

"అక్క మార్చుకోనంది మేడం. ఇది వాళ్ళ నాన్న స్వయంగా బంతి పెట్టి నొక్కి చూసిందట. ఆయన చూశాక ఇంకెవరు చెప్పినా వినక్కర్లేదు, మీరేం భయపడొద్దు అంది."

మేడం మాస్టారి వైపు చూడలేక ఎటో చూసింది. ఆయన తాడు దగ్గరికి పరుగెత్తాడు. 'నాన్నని, నేనే చెబుతున్నాను, తీసెయ్ తల్లీ' అని అరవడానికే వెళ్ళాడు, అది నాకు తెలుస్తూనే ఉంది. నోరు తెరిచాడు కూడా. కానీ ఆ పొడుగాటి పిల్ల అప్పటికే పరుగు అందుకుంది. ఇప్పుడు అరిస్తే కూతురి చూపు బంతి మీంచి తప్పుకుని ఇటు తిరుగుతుంది. మాస్టారు రెండు చేతులతో తన నోరు తనే గట్టిగా మూసుకున్నాడు.