టెంకాయ ఆటకు పోయిన కొరమీను

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. హాస్టల్ పప్పులో ఉప్పు తగ్గినా వచ్చేది, ఎక్కువైనా వచ్చేది, సరిగ్గా ఉంటే రోజూ ఇట్లా ఎందుకు వండరని వచ్చేది. వచ్చిన కోపాన్ని దాచుకునే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. మగ్గం నేసే ఇల్లు మాది. పోగు తెగితే మా నాయన మగ్గాన్ని తిట్టేవాడు, మా అమ్మ నాయనను తిట్టేది, నేను ఇద్దరినీ తిట్టి బడికి పోయేదాన్ని. ఇప్పుడు ఆఫీసులో నన్ను చూసినవాళ్లు "మేడం ఎంత శాంతమో" అంటుంటారు. (పొద్దున్నే వేసుకునే మాత్ర సంగతి వాళ్లకు తెలియదు.) ఎన్ని కోపాలు వచ్చినా సాయంత్రానికి దిగిపోయేవి. ఒకే ఒక్క కోపం మాత్రం నెలకు పైగా దిగలేదు. దాని గురించే చెబుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయిన కాలమది. కడపలో డిగ్రీ చదువుతున్నాను. చదువు సంగతి అటుంచితే, మా కాలేజీ ఆడపిల్లల కబడ్డీ జట్టులో ఎడమ మూల నాది. చిన్నప్పటి నుంచి మగ్గం తొక్కి గట్టిపడిన ఒళ్లు గనుక, కూతకొచ్చిన పిల్ల చీలమండ చేతికి చిక్కిందంటే ఇక వదిలేదాన్ని కాదు. మూలలో కదలకుండా నిలబడి ఉంటానని నాకు 'గుంజ' అని పేరు పెట్టారు. (అది మెచ్చుకోలే అని చాలాకాలం నమ్మాను.) అయితే మా జట్టుకు పేరు తెచ్చింది గుంజ కాదు, కొరమీను. ఎర్రగుంట్ల పిల్ల. వాళ్ల నాయన అక్కడి సిమెంటు లారీ డ్రైవరు. సన్నగా, నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తూ ఉండేది. కూతకు పోయిందంటే నలుగురు మీద పడినా మధ్యలోంచి జారి గీతకు వచ్చేసేది. పట్టుకున్నవాళ్ల చేతుల్లో చెమట మాత్రం మిగిలేది. కాలేజీ మొత్తంలో దాన్ని పట్టుకోగలిగిన మనిషిని నేనొక్కదాన్నే, అదీ పదిసార్లకు మూడుసార్లు. ఒకే గదిలో ఉండేవాళ్లం, ఒకే సబ్బుతో బట్టలు ఉతుక్కునేవాళ్లం. కాలేజీల మధ్య పోటీలు మూడు వారాల్లోకి వచ్చాయి. ఆ ఏడు కప్పు మాదేనని మా పీడీ సారు అప్పుడే స్టాఫ్ రూములో అల్మారా పైన చోటు ఖాళీ చేయించాడు.

అట్లాంటి సమయంలో ఒక కొత్త సారు మా మైదానానికి వచ్చాడు. మావైపు మనిషి కాదు, మాట తీరు వేరు. చేతిలో ఒక బంతి ఉంది. గుండ్రంగా లేదు. రెండు వైపులా కొస తేలి, పీచు తీసిన టెంకాయకు గాలి కొట్టినట్టుంది. "అమ్మా, ఇది రగ్బీ బంతి. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు కొత్తగా జట్టు కడుతున్నాం. దీన్ని పట్టుకుని పరిగెత్తాలి, అంతే. అడ్డొచ్చినవాళ్లు పట్టి పడేస్తారు" అన్నాడు. మేమంతా పడీ పడీ నవ్వాం. ఆయన నవ్వలేదు. బంతిని కొరమీను చేతిలో పెట్టి, మా ఆరుగురినీ ఎదురు నిలబెట్టాడు. అది బంతిని చంకలో ఇరికించుకుని మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు ఉరికింది. నేను దాని కాలికి దూకి మట్టిని కావలించుకున్నాను. లేచి చూసేసరికి కొత్త సారు ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూసినప్పుడే నాకు కడుపులో ఏదో మండింది.

మరుసటి రోజు మధ్యాహ్నం మెస్సులో, రసం పోసుకుంటూ, కొరమీను మామూలుగా చెప్పింది.

"మే గుంజా, నేను ఆ టెంకాయ ఆటకు పోతాండా."

"ఎప్పుడు? మన పోటీలైనాక గదా?"

"కాదు మే, రేపట్నుంచే. రెండూ ఆడేకి ల్యా అంట. పీడీ సారుకు చెప్పేసినా."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏమ్మే, నీకేమన్నా బుద్ధి ఉండాదా? మూడు వారాల్లో పోటీలు పెట్టుకోని యాడికి పోతావు? ఈడ నీకేం తక్కువైంది?"

అది రసం జుర్రుకుంది. "ఈడ నన్ను పట్టేటోళ్లు ల్యారు మే. పోతా, వస్తా. పోతా, వస్తా. విసుగొస్తాంది. ఆడయితే మైదానమంతా ఉరకొచ్చంట."

పట్టేటోళ్లు లేరట! పదిసార్లకు మూడుసార్లు పట్టిన మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా! ఆ మాటతో నాకు లేచిన కోపం ఇంతా అంతా కాదు. కంచం అక్కడే వదిలేసి లేచాను. గదిలో నా మంచాన్ని ఈ గోడ నుంచి ఆ గోడకు ఈడ్చుకున్నాను. (గది చిన్నది. అటు జరిపినా ఇద్దరి మధ్య మూడడుగుల దూరమే పెరిగింది.) సబ్బును కత్తితో రెండు ముక్కలు చేసి దాని ముక్క దాని మంచంపై పెట్టాను. పీడీ సారు దగ్గరికి పోయి అరిచాను. ఆయన అప్పటికే కోపంతో అల్మారా పైకి పాత ఫైళ్లన్నీ ఎక్కించేస్తున్నాడు. "పోనీ మ్మా, పోనీ. ఆ టెంకాయ కొట్టుకోని తినమను" అన్నాడు. నాకది చాలలేదు. ఎవరో ఒకరు దాన్ని ఆపాలి. కూర్చుని వాళ్ల నాయనకు ఉత్తరం రాశాను.

ఉత్తరం రాసింది చాడీ చెప్పడానికే, ఇందులో దాపరికం లేదు. చదివి ఆయన మండిపడాలి, లారీ వేసుకుని వచ్చి కూతుర్ని నాలుగు తిట్టాలి, కొత్త సారును తరమాలి. ఆయన నిజంగానే చదువు మాన్పించి ఇంటికి తీసుకుపోతే ఆ పిల్ల గతేమిటన్న ఆలోచన నాకు ఒక్క క్షణం కూడా రాలేదు. కోపంలో కలం ఆగలేదు. "అయ్యా, మీ కూతురు ఆడపిల్ల మాదిరి లేదు. నలుగురు మీద పడినా నిలవదు. అది ఉరికితే వెనకవాళ్లు దుమ్ము తినవలసిందే. ఈ జిల్లాలో దాన్ని పట్టుకునేవాళ్లు లేరని దాని పొగరు. ఇప్పుడు ఒకరినొకరు పట్టి నేలకేసి కొట్టే కొత్త ఆటకు పోతోంది. దానికి దెబ్బలంటే భయం లేదు, పెద్దలంటే భయం లేదు. వెంటనే రాగలరు. ఇట్లు, మీ మేలు కోరేవారు." రెండు పేజీలు అదే ధోరణి. తపాలా డబ్బాలో వేసి, డబ్బాను కూడా ఒక దెబ్బ కొట్టి వచ్చాను.

నాలుగో రోజు సాయంత్రం హాస్టల్ గేటు ముందు లారీ ఆగింది. ఆయన దిగాడు, సిమెంటు దుమ్ముతో కనుబొమలతో సహా బూడిద రంగులో ఉన్నాడు. వెంట ఆయన భార్య, నోట్లో ఆకు వక్క. కొరమీను గేటు దగ్గరికి పరిగెత్తింది. నేను తమాషా చూద్దామని వెనకే పోయాను. ఆయన జేబులోంచి నా ఉత్తరం తీశాడు.

"పాపా, ఇది రాసిందెవురు?"

కొరమీను ఉత్తరం అందుకుని చదివింది. నా చేతి రాత దానికి తెలియకపోవడమేమిటి, ఏడాదిన్నరగా నా నోట్సు చూసి రాస్తున్న మనిషి! అది నిదానంగా తలెత్తి నా వైపు చూసింది.

"మా గుంజ రాసింది నాయనా."

ఆయన గబగబా నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనే అనుకున్నాను. రెండు చేతులూ జోడించాడు. "ఎంత బాగ రాసినావు పాపా! నాకు సదువు రాదు. టీ అంగట్లో సదివించినా. డ్రైవర్లంతా ఇంటాండారు. జిల్లాలో నా బిడ్డను పట్టేటోళ్లు ల్యారంటే అందురూ నా ముఖమే సూసినారు. మళ్లా ఒకసారి సదువు అని అడిగి మరీ ఇనిపిచ్చుకున్యారు. మా పాప ఇంత గట్టిదని మాకు తెల్దు పాపా."

"దానికి నేనంటే శానా ఇష్టం నాయనా" అంది కొరమీను, నా ముఖంలోకి సూటిగా చూస్తూ. తిట్టి ఉంటే బదులు తిట్టేదాన్ని. ఆ మాటకు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక, గేటును పట్టుకుని నిలబడ్డాను. (గుంజలాగానే.)

కర్నూలులో దాని మొదటి ఆట వచ్చే ఆదివారం. ఆయనకు ఆ రోజు కర్నూలుకే సిమెంటు లోడు. "నువ్వూ రావల్ల పాపా, నువ్వు ల్యాకపోతే ఎట్ల?" అని వార్డెన్ మేడంను ఆయనే బతిమాలాడు. కొరమీను జట్టుతో ముందుగానే పోయింది. ఆదివారం పొద్దున్నే లారీ ముందు సీట్లో వాళ్లమ్మ పక్కన నన్ను కూర్చోబెట్టారు. మైదుకూరు దాటే వరకు ముఖం ముడుచుకునే ఉన్నాను. ఆళ్లగడ్డ దగ్గర ఆమె సద్ది విప్పి జొన్నరొట్టె, చెనిగ్గింజల పొడి చేతిలో పెట్టింది. కోపంతోనే మూడు రొట్టెలు తిన్నాను.

మైదానానికి చేరేసరికి ఆట మొదలవబోతోంది. జట్టుకు ఏడుగురు, ఏడేసి నిమిషాలు రెండు భాగాలు. బంతి పట్టుకుని అవతలి గీత దాటి, దాన్ని నేలకు ఆనించాలి. అదీ లెక్క. కొరమీను ఆ ఏడుగురిలో లేదు. గీత బయట వేసిన కుర్చీలో కూర్చుని ఉంది. వాళ్లమ్మ ముఖం విప్పారింది. "సూడు పాపా, కడమ పిల్లోల్లందురూ ఎండలో ఉరుకుతాండారు. మన పాపకు కుర్చీ ఏసినారు!"

ఎట్లా చెప్పాలి ఆమెకు? మా మైదానంలో మొదటి కూత కొరమీనుది. చివరి కూత కొరమీనుది. ఆ పిల్లను ఇక్కడ మంచినీళ్ల సీసాల పక్కన కూర్చోబెట్టారు. మొదటి భాగం అయిపోయింది. లేపలేదు. రెండో భాగంలో మూడు నిమిషాలయ్యాయి, నాలుగయ్యాయి. అది మోకాళ్లపై చేతులు పెట్టుకుని కొత్త సారు ముఖం వైపే చూస్తోంది. వారం రోజులుగా దాని మీద పెంచుకున్న కోపమంతా ఒక్కసారిగా దిశ మార్చుకుని ఆయన మీదికి మళ్లింది. మా పిల్లను మా దగ్గర నుంచి ఊడబెరికింది ఇందుకా? "ఓ సారూ! దాన్ని లేపు సారూ! సూసేకి తెచ్చినావా దాన్ని?" అని గొంతు చించుకున్నాను. నా అరుపుకే లేపాడో, ఆట ఎట్లాగూ ఓడిపోతోందని లేపాడో, చివరి రెండు నిమిషాలు ఉన్నాయనగా దాన్ని లోపలికి పంపాడు.

బంతి దాని చేతికి వచ్చింది. ఆ తర్వాత జరిగింది ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టుంది. ఒకమ్మాయి నడుముకు దూకింది, జారిపోయింది. ఇద్దరు కలిసి పడ్డారు, వాళ్ల కిందినుంచి బయటికొచ్చింది. దాని పెదాలు ఆడుతున్నాయి. ఊపిరి బిగబట్టి కబడ్డీ కబడ్డీ అంటోంది! వాళ్ల నాయన తలగుడ్డ తీసి గాల్లోకి విసిరాడు. ఇక ఎదురు ఎవరూ లేరు. గీత దగ్గరికి పోయింది. గీత దాటింది. కుడి కాలితో అవతల నేలను గట్టిగా తొక్కింది.

తొక్కి, గిరుక్కున తిరిగి, బంతితో సహా వెనక్కి ఉరికింది.

అవతలి జట్టు పిల్లలు నిలబడిపోయారు. అడ్డం పోవాలా వద్దా అని ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం మరిచాడు. కొత్త సారు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అది నేరుగా మైదానం నడిమి గీతకు వచ్చి, దాటి, గెలిచినట్టు చెయ్యెత్తింది. "అటు పోవే ఎనుమా! ఆడ నేలకు ఆనించవే!" అని అరుస్తూ నేను లోపలికే పరిగెత్తబోతే వాళ్లమ్మ నా చున్నీ పట్టి ఆపింది. అది విని వెనక్కి తిరిగేలోగా నలుగురు మీద పడ్డారు. ఊపిరి మొత్తం ముందే ఖర్చు పెట్టేసింది పాపం, ఈసారి జారలేకపోయింది. అంతలో ఆట అయిపోయింది.

"ఈ కబడ్డీ పిల్లను తెచ్చుకోవడం నా పొరపాటు" అన్నాడు కొత్త సారు, అందరికీ వినపడేట్టు. అప్పటికి నేను వాళ్లమ్మ చేతికి చున్నీ వదిలేసి ఆయన ముందు నిలబడి ఉన్నాను.

"వారమంతా ఏం నేర్పిచ్చినావు సారూ? గీత దాటినంక ఏం చెయ్యల్లో దానికి చెప్పినావా?"

"అది కూడా చెప్పాలా అమ్మా? ఎవరికి తెలియదు?"

"మాకు తెల్దు! ఏడేండ్లు రోజూ చేసిన పని కాళ్లు మర్చిపోతాయా? అంతమందిని దాటుకోని పోయినేది సూడలే, ఎనక్కి వచ్చినేది సూసినావు! ఇంగో మనిషి నీ జట్టులో ఉండాదా అట్ల పోయేది?"

ఆయన కొరమీను ఉరికిన దారినంతా మళ్లీ ఒకసారి చూశాడు. నిజంగా ఆలోచిస్తున్నట్టే కనిపించాడు. నేను అదే ఊపులో కొరమీను మీదికి తిరిగాను. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది, మట్టి కొట్టుకుపోయి ఉంది.

"నువ్వైనా ఎట్ల వచ్చినావే ఎనక్కి, ఎద్దు మాదిరి?"

అది నన్ను వింతగా చూసింది. "పోయినాక ఎనక్కి రావల్ల గదా మే" అంది. "నువ్వు మూలన నిలబడుంటావు గదా. కూతకు పోయినప్పుడంతా నిన్ను సూసుకోనే వస్తా నేను."

వెనకే వచ్చిన వాళ్లమ్మ చేతిలోంచి నా చున్నీ లాక్కున్నాను. దాని మోకాలికి చున్నీ చుట్టి, గట్టిగా, అవసరం కంటే గట్టిగా, ముడి వేశాను. అది "అబ్బా" అంది. "నొప్పి పుట్టల్ల" అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు అది మాతో లారీ ఎక్కలేదు, జట్టుతో పాటే కడపకు వచ్చింది. కొత్త సారు మరుసటి రోజు నుంచి దానికి వేరుగా గంట సేపు నేర్పిస్తానన్నాడట. రెండు వారాల తర్వాత మా కబడ్డీ పోటీల్లో మేం మొదటి ఆటలోనే ఓడిపోయాం. నేను మంచాన్ని మళ్లీ ఈ గోడకు లాగే లోపల ఇంకో రెండు వారాలు కోపంగానే ఉన్నాను. కాకపోతే అప్పుడది పట్టుదల కోసం పడ్డ కోపం. దానిలో పస లేదు. కొరమీను ఆ ఆట బాగానే నేర్చుకుంది. గీత దాటినాక పడిపోవడం కూడా నేర్చుకుంది. రాష్ట్రం తరఫున నాలుగైదేళ్లు ఆడింది. ఇప్పుడు ఆలూరు వైపు ఒక బళ్లో పిల్లలకు ఆటలు నేర్పుతోంది. పండుగలకు ఫోన్ చేస్తుంది. దాని గొంతు విన్నప్పుడల్లా ఎందుకో నిటారుగా కూర్చుంటాను.

మొన్న మా ఆఫీసులో పదేళ్లుగా నా పక్క సీట్లో పనిచేసిన ఆమెకు బదిలీ అయింది. రోజూ ఒకే గిన్నెలో కూర పంచుకుని తిన్న మనిషి. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను, లడ్డూ తిన్నాను, "ఆరోగ్యం జాగ్రత్త" అన్నాను, బస్సు ఎన్నింటికని అడిగాను. ఆమె కళ్లు తుడుచుకుని పోయింది. నేను కూర్చుని ఫైలు తెరిచాను. ఎక్కడా ఏమీ మండలేదు. అప్పుడు ఆ ఇరవై ఏళ్ల గుంజ గుర్తొచ్చి నవ్వొచ్చింది. అది గనుక ఆ గది గుమ్మంలో నిలబడి నన్ను చూసి ఉంటే ఊరుకునేది కాదు. "ఏమ్మే, మనిషి పోతాంటే లడ్డు తింటాండావా?" అని నా మీద పడేది. ఆ తిట్టు తినాలని ఉంది నాకు.