ఎస్తేరు లోపలికి వచ్చినప్పుడు

నేను దోహా వెళ్ళడానికి రెండు కారణాలు. ఒకటి పైకి చెప్పుకునేది: సేవాసంస్థలు నడిపేవాళ్ళకు రెండు రోజుల శిక్షణ. వేరే రంగు మనిషి, వేరే దేశపు మనిషి ఎదురైతే మనసుకన్నా ముందు మన ఒళ్ళు ఏం చేస్తుందో గమనించుకుని, ఆ వివక్షను ఒంటి నుంచే వదిలించుకోవడం నేర్పుతారట. విరాళాలిచ్చేవాళ్ళు తప్పకుండా వెళ్ళమన్నారు. రెండోది మా సంస్థవాళ్ళు చెవిలో చెప్పి పంపినది: "ఎలాగైనా ఎస్తేరును ఆపి రా."

ఎస్తేరు కెన్యా మనిషి. దోహాలో పసిపిల్లల కేంద్రంలో ఉద్యోగం. ఇళ్ళలో పనికి వెళ్ళి ఇబ్బందుల్లో పడిన మన ఆడవాళ్ళకు అక్కడ మా బృందం అండగా ఉంటుంది. వాళ్ళ ఫోన్ ఎత్తేది, ఆసుపత్రికి తోడు వెళ్ళేది ఆరేళ్ళుగా ఎస్తేరే. ఆ ఫోన్లలోనే తెలుగు నేర్చుకుంది. అలాంటిది నెలాఖరుకు మానేస్తానని కబురు పంపింది. కారణం చెప్పలేదు. ఆమె మానేస్తే ఆ ఫోన్ మోగుతూనే ఉంటుంది.

బుధవారం సాయంత్రం రాజమండ్రిలో రైలెక్కాను. తెల్లారి సికింద్రాబాదులో దిగి, అక్కడి నుంచి బస్సులో విమానాశ్రయానికి చేరేసరికే మోకాళ్ళు పట్టేశాయి. పది దాటాక విమానం కదిలింది. పక్క సీటులో నిజామాబాద్ వైపు పెద్దాయన, సెలవు ముగించుకుని పనికి తిరిగి వెళుతున్నాడు.

"మా ఊర్లె అందరు నన్ను దుబాయ్ రాజన్న అంటరమ్మా. ఖతార్ల పనికొచ్చి ఇరవై ఏండ్లాయె, దుబాయ్ ఎట్లుంటదో నేనే చూడలే," అని నవ్వాడు.

నేను ఎందుకు వెళుతున్నానో చెబితే తాముండే కార్మికుల క్యాంపు సంగతి ఎత్తాడు. "క్యాంప్ బస్సుల ఆఫ్రికా మనిషి పక్కన సీటు ఖాళీ ఉంటది. డ్యూటీ చేసి కాళ్ళు పీకుతుంటయ్. అయినా మనోళ్ళు నిలబడే వస్తరు."

"మరి మీరో?"

"నేను గూడ నిలబడ్డ. ఎందుకంటే ఏం చెప్త? కాళ్ళు అటు పోలే."

మధ్యాహ్నం దోహాలో దిగాం. మెట్రో టికెట్ రెండు రియాళ్ళు. బండి చల్లగా, శుభ్రంగా ఉంది. కూర్చోవడానికి చోటు దొరికినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. అల్ దోహా అల్ జదీదా స్టేషన్లో బృందం పెద్ద ప్రకాశరావు గారు ఎదురొచ్చారు. ఆయనది అమలాపురం, అరవై నిండాయి. నజ్మాలో ఒక ఆంధ్రా మెస్సు పైన నాకు గది చూసిపెట్టారు. కిటికీ లేదు గానీ కింద నుంచి పప్పు తాలింపు వాసన వచ్చేది. అన్నం, పప్పు, కాకరకాయ వేపుడు తిని పడుకున్నాను.

శుక్రవారం తొమ్మిదికి ఎస్తేరుతో సహా బృందమంతా అల్ హిలాల్‌లోని శిక్షణ గదికి వెళ్ళాం. నేర్పే ఆవిడ లండన్ నుంచి వచ్చిన నల్లజాతి స్త్రీ, తక్కువ మాట్లాడే మనిషి. నేను బడికి వెళ్ళలేదు. మా నాన్నగారు ఇంట్లో నేర్పిన ఇంగ్లీషు చదవడానికే పనికొస్తుంది, వినేటప్పటికి వెనకబడిపోతాను. ప్రకాశరావు గారు చెవిలో తెలుగు చేసి చెప్పేవారు.

మొదట కళ్ళు మూసుకుని ఒళ్ళు ఎక్కడ బిగుసుకుందో చూడమంది. "మోకాళ్ళు" అన్నాను. అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరిని బయటకు వెళ్ళి లోపలికి రమ్మంది. కూర్చున్నవాళ్ళు ఏమీ ఆలోచించకూడదు, ఊరికే ఉండాలి.

ప్రకాశరావు గారు వచ్చారు. కుర్చీలు చప్పుడయ్యాయి; అందరం లేచి నిలబడ్డాం. కంపెనీలో మేనేజరుగా ఉన్న శ్రీనివాస్ వచ్చాడు. నలభై ఏళ్ళవాడు. అతనికీ లేచాం. నేను వెళ్ళొస్తే నాకూ లేచారు. ఎస్తేరు వచ్చింది. ఎవరూ కదల్లేదు. ఒకావిడ మాత్రం పక్క కుర్చీలోని హ్యాండ్‌బ్యాగు తీసి ఒళ్ళో గట్టిగా పట్టుకుంది.

నేర్పే ఆవిడ ప్రకాశరావు గారిని అడిగింది: ఎస్తేరు వచ్చినప్పుడు మీ ఒంట్లో ఏం జరిగింది?

ఆయన నిజాయితీగా వెతుక్కున్నారు. "ఏమీ జరగలేదండీ," అన్నారు.

"అదే, అంకుల్," అంది ఎస్తేరు తెలుగులో. "ఏమీ జరగదు. ఆరేళ్ళ నుంచి."

"అది కాదమ్మా, పెద్దవాళ్ళొస్తే లేవడం మా పద్ధతి. నువ్వు చిన్నదానివి కదా."

"నాకు యాభై రెండు. శ్రీనివాస్‌కి ఎంత?"

నాకు నలభై తొమ్మిది. ఇన్నాళ్ళూ ఆమె నన్ను ఫోన్లో "అక్కా, తిన్నావా?" అని పలకరిస్తుంటే, ఆ పిలుపు నాదేనని ఊరుకున్నాను. మా బృందంలో ఒకరు అక్క, ఒకరు వదిన, ఒకరు పిన్ని. ఎస్తేరు మాత్రం ఎస్తేరే.

శనివారం మళ్ళీ అదే చేయించారు. ఈసారి ఎస్తేరు తలుపు తియ్యగానే అందరం ఒక్క ఊపున లేచాం. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "మంత్రిగారు వచ్చారా? యల్లా, ఇక చాలు, కూర్చోండి."

నవ్వలేకపోయాం. నేర్పే ఆవిడ కూడా మెచ్చుకోలేదు. లేవాలని తెలిసి లేవడం వేరు, ఒళ్ళు తనంతట లేవడం వేరు, దానికి రెండు రోజులు చాలవు అంది. ప్రకాశరావు గారు భోజనం ముందు పెట్టుకుని మెతుకులు కెలుకుతూ ఉండిపోయారు.

సాయంత్రం ఎస్తేరు నా గదికి టీ పట్టుకొచ్చింది. మంచం చివర కూర్చుంది. పాదాలు వాచి ఉన్నాయి.

"ఉంటావా?" అని అడిగాను.

"తెలీదు అక్కా. పని బరువు కాదు. అలిసిపోయాను."

"అక్కని నేను కాదు. నువ్వు."

ఆమె పెద్దగా నవ్వింది. "అయితే నువ్వే టీ పొయ్యి."

పోశాను. ఆ తర్వాత నేనేమీ అడగలేదు. ఇద్దరం మా మా భాషల్లో ప్రార్థన చేసుకున్నాం.

ఆదివారం మధ్యాహ్నం ఎస్తేరు, ప్రకాశరావు గారు ఇద్దరూ నన్ను విమానాశ్రయంలో దింపడానికి వచ్చారు. లోపలికి వెళ్ళడానికి ఇంకా వేళ ఉంది. ఎస్తేరు ఫోన్ మోగితే మాట్లాడుతూ దూరంగా వెళ్ళింది. ఎవరో ఏడుస్తున్నట్టున్నారు, "ఊరుకో తల్లీ, ఊరుకో" అన్న మాట వినిపించింది. ప్రకాశరావు గారు బెంచీ మీద కూర్చుని కునుకు తీస్తున్నారు. ఆయనకు రెండు రాత్రులు నిద్ర లేదట.

ఆమె చెప్పుల చప్పుడు దగ్గరికి రాగానే ఆయన కళ్ళు సరిగా విప్పకుండానే నడుం పట్టుకుని లేచారు. పక్కనున్న నా సంచీ కింద పెట్టారు. "రామ్మా, కూర్చో."

లేచాక గానీ తాను లేచినట్టు ఆయనకు తెలియలేదు. సిగ్గుపడ్డారు. ఎస్తేరు ఆయన్ని చూసింది, తర్వాత ఆ ఖాళీ చోటును చూసింది.

"మీరూ కూర్చోండి అంకుల్, నడుం పోతుంది," అని తనూ కూర్చుంది. నాతో అంది: "ఆ అమ్మాయిని రేపు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నెలాఖరు మాట మర్చిపోలేదు. కానీ ఇంకో నెల చూస్తాను."

అంతే దొరికింది. అంతకే కృతజ్ఞురాలిని.

మర్నాడు సికింద్రాబాదు నుంచి వచ్చేటప్పుడు నాకు పై బెర్తు వచ్చింది. మోకాళ్ళ మీద ఉండటానికి వీల్లేక, పడుకునే ప్రార్థన చేసుకున్నాను. వెళ్ళి చూసిన ఆ ఊళ్ళో ఎత్తైన మేడలు ఉన్నాయి, సముద్రం ఉంది. నాకు గుర్తున్నవి మాత్రం కుర్చీల చప్పుడు, చప్పుడు లేకపోవడం. రోజూ అందరి పేర్లూ దేవునికి చెప్పుకునే అలవాటు. ఇన్నాళ్ళూ "మా ఎస్తేరు" అనేదాన్ని. ఆ పూట "ఎస్తేరక్క" అన్నాను. నోటికి ఇంకా కొత్తగానే ఉంది. ఇంకోసారి అన్నాను.