నెలకోసారి బ్యాటరీ దించే రోజు

మా పత్రిక ఢిల్లీ బ్యూరో పాత చీఫ్ పోయిన నెలలో ఫరీదాబాద్‌లోని తన ఫ్లాట్‌లో మరణించారు. గుండెపోటు. పొద్దున పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. ఆయన దగ్గర పనిచేసినవాళ్ళకు ఈ మూడు వాక్యాలు చాలు. మరణవార్తలో ‘తీరని లోటు’ అని రాస్తే ఆ రెండు మాటలూ కొట్టేసి, “ఎవరికయ్యా లోటు? వాళ్ళకి ఫోన్ చేశావా?” అని అడిగే మనిషి ఆయన.

కబురు చెప్పింది సునీత. ఒకప్పుడు మా ఢిల్లీ బ్యూరోలో నాతో పాటు రిపోర్టర్. కరీంనగర్ నుంచి వచ్చింది. ఉద్యోగం పోయాక నోయిడాలో ఒక కంపెనీకి ప్రకటనలు రాసిపెడుతోంది. ఫోన్‌లో కాసేపు ఏడ్చి, తర్వాత అంది.

“అన్నా, నన్ను తీసేసినప్పుడు సార్ నాకోసం మస్తు కొట్లాడిన్రు గదా. నేను సక్కగ థ్యాంక్స్ సుత చెప్పలే.”

“అవును” అన్నాను. అది తప్పని అప్పటికి నాకు తెలియదు. కొద్దిరోజుల తర్వాత తెలిసింది. ఆమెకు చెప్పాలా వద్దా, చెబితే ఏమని చెప్పాలి అన్న ప్రశ్నతోనే ఈ నాలుగు మాటలూ రాయడానికి కూర్చున్నాను.

మా బ్యూరో అంటే రెండు గదులు, చీఫ్‌తో కలిపి అయిదుగురం. పాత కంప్యూటర్లు మూలపడ్డాక యాజమాన్యం అందరికీ ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. మేం వాటిని ఎక్కడికీ కదిలించింది లేదు. బయటికి వెళ్తే ఫోన్‌లోనే వార్త కొట్టి పంపేవాళ్ళం. ల్యాప్‌టాప్‌లు మాత్రం పెద్ద మానిటర్, విడి కీబోర్డు తగిలించుకుని, ఛార్జర్ గుచ్చుకుని, బల్లల మీద అలాగే ఉండిపోయాయి.

ఒక మే నెలలో సునీత ల్యాప్‌టాప్ మూత సరిగ్గా పడటం మానేసింది. వేలితో జరిపే ఆ టచ్‌ప్యాడ్ పలక పైకి లేచింది. ఆమె మూత మీద లావుపాటి రైల్వే టైంటేబుల్ బరువుగా పెట్టింది. చీఫ్ చూసి, లేచొచ్చి, ప్లగ్ పీకేశారు.

“అమ్మాయ్, దాన్ని నొక్కకు. లోపల బ్యాటరీ ఉబ్బింది. అంటుకుందంటే మన రెండు గదులూ పోతాయి.”

“నేనేం జేయలే సార్! ఎప్పుడూ ఛార్జింగ్‌లనే ఉంచిన.”

“అదే నువ్వు చేసింది. ఎప్పుడూ వంద దగ్గర నిలబెట్టావు. పైన ఢిల్లీ ఎండ. ఉబ్బక ఏం చేస్తుంది?”

ఆ సాయంత్రం ఆయన మా బల్లల దగ్గరికి వరసగా వచ్చి, ఒక్కొక్క ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్ మార్చారు. ఛార్జింగ్ ఎనభై శాతం దగ్గర ఆగిపోవాలి. మర్నాడు వడ్రంగి చేత చెక్కముక్కలు కోయించి తెచ్చి, కింద గాలి ఆడేలా ఒక్కోదాని కింద రెండేసి పెట్టారు. చలికాలంలో మేం కాళ్ళ దగ్గర పెట్టుకునే హీటర్‌ని బల్ల అవతలికి జరిపించారు. ఎవరైనా సెలవు మీద ఊరెళ్తుంటే, సగం ఛార్జి దగ్గర ఆపి మూసి వెళ్ళమనేవారు. నేను ఒకసారి అడిగాను, కరెంటు మీదే నడుస్తున్నప్పుడు బ్యాటరీకి పనేముంది, ఎందుకు పాడవుతుంది అని. “పని లేకపోయినా నిండుగా ఉండటమే దానికి శ్రమ” అన్నారు. తర్వాత నేను విచారించాను. నిజమే.

‘ఎనభై చాలు’ అన్నది మా గదుల్లో అందరి నోటా ఆడింది. చాయ్‌వాలా భయ్యా గ్లాసు అంచుదాకా పోస్తుంటే సునీత “బస్ భయ్యా, అస్సీ పర్సెంట్!” అని అరిచేది. అతనికి సంగతి అర్థం కాకపోయినా నవ్వేవాడు. ఈ ముక్కలు నేను రాస్తున్నది అప్పటి ల్యాప్‌టాప్ మీదే. ఇంకా బాగా పనిచేస్తోంది. అది చీఫ్ చలవే, అందులో అనుమానం లేదు.

నా వృత్తీ అంతే. నేను మునిర్కాలో అద్దె గదిలో ఉంటూ కొత్తగా చేరిన రోజుల్లో, ఒక మంత్రి రాజీనామా చేస్తారని రాసుకొచ్చాను. చదివి, “ఎవరు చెప్పారు?” అన్నారు. చెప్పాను. “ఇంకెవరు చెప్పారు?” అన్నారు. ఇంకెవరూ లేరు. నేను రాసిన కాపీ నా చేతికి ఇచ్చి తన టిఫిన్ డబ్బా తెరుచుకున్నారు. ఆ మంత్రి రాజీనామా చేయలేదు. ఆ రోజు నుంచి ఇద్దరు చెప్పకుండా నేను ఏదీ రాయలేదు.

బ్యాటరీ గురించి ఆయనకు ఇంకొక నియమం ఉండేది. నెలకోసారి దాన్ని పూర్తిగా దించాలి. ఆ రోజు భోజనాలయ్యాక తన ల్యాప్‌టాప్ ప్లగ్ తీసి, బ్యాగ్‌లో పెట్టుకుని, “బ్యాటరీ దించుకొస్తానయ్యా” అని వెళ్ళేవారు. ఏదో పార్కులో కూర్చుని, స్క్రీన్ ఆరిపోయేదాకా రాసుకుంటానని చెప్పేవారు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మాకోసం వానల్లో నేరేడుపళ్ళు, చలికాలంలో మసాలా చల్లిన చిలగడదుంప ముక్కలు తెచ్చేవారు. నెలలో ఆయన గది దాటి బయటికి వెళ్ళే రోజు అదొక్కటే కాబట్టి, పోనీలే, పెద్దాయన కాస్త గాలి పీల్చుకుని వస్తున్నారనుకునేవాళ్ళం.

ఒకసారి ఆయన ల్యాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టి తెరవగానే సునీత తొంగిచూసింది.

“ఏంది సార్, దించనీకి వోయి దించకుండనే తెచ్చిన్రు? ఇంకా డెబ్బై ఉన్నది!”

“మంచి బ్యాటరీ అమ్మాయ్. దిగనంటోంది. నువ్వు దుంపలు తిను, చల్లారిపోతాయి.”

అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

తర్వాత కొన్నాళ్ళకు, ల్యాప్‌టాప్‌ని ఇంట్లో డెస్క్‌టాప్‌లా వాడేవాళ్ళకోసం ఆదివారం పేజీకి ఒక వ్యాసం రాశాను. సగం మా చీఫ్ చెప్పిన సంగతులే. మిగతా సగం కోసం ఫరీదాబాద్‌లో బ్యాటరీలు తయారుచేసే ఫ్యాక్టరీ ఇంజినీర్‌ని కలిసి మాట్లాడాను. చీఫ్ చెప్పిన ప్రతి సంగతినీ ఆ ఇంజినీర్ సరేనన్నాడు, ఒక్కటి తప్ప. వ్యాసం అచ్చయ్యేసరికి అందులో ఒక వాక్యం లేదు.

“అది ఇంజినీర్ చెప్పిన మాట సార్. రికార్డింగ్ ఉంది నా దగ్గర. సర్వీస్ సెంటర్ వాళ్ళూ అదే అన్నారు.”

“ఉండొచ్చయ్యా. చదివేవాడు గందరగోళపడతాడు. పైగా చోటు లేదు.”

పేజీలో చోటు ఉంది. వ్యాసం కింద ఖాళీ నింపడానికి పువ్వుల బొమ్మ వేశారు. ఆయన కొట్టేసిన వాక్యం ఇది: ‘నెలకోసారి పూర్తిగా దించడం పాతకాలపు బ్యాటరీల అవసరం, ఇప్పటి ల్యాప్‌టాప్ బ్యాటరీలకు అది అక్కర్లేదు, తరచూ చేస్తే వాటికి చేటే.’ నా కాపీలోంచి ఆయన విశేషణాలు చాలా కొట్టేశారు. నిర్ధారించుకున్న నిజాన్ని కొట్టేసింది ఆ ఒక్కసారే. పాత అలవాటు మీద పెద్దాయన పట్టుదల అనుకుని ఊరుకున్నాను. ఊరుకోకూడని చోట ఊరుకున్నానని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ తర్వాత బ్యూరోని కుదించారు. ముగ్గురిని పంపించేశారు: సునీత, ఫోటోగ్రాఫర్, ఇంకొక రిపోర్టర్. చీఫ్, నేను మిగిలాం. ఆయన ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసి చెప్పారు. సునీత బయటికొచ్చి “సార్ సుత ఏడ్చిన్రన్నా” అంది. సాయంత్రం సమోసాలు తెప్పించి, నిలబడి, ఒకే వాక్యం మాట్లాడారు. “నేను చేయగలిగిందంతా చేశాను.” ఆ వాక్యంలో నాకు ఇప్పటికీ అబద్ధం దొరకడం లేదు. కోపమంతా అక్కడే.

వాళ్ళు వెళ్ళిపోయాక నేనే ఆయనకు ధైర్యం చెప్పాను. “మీరున్నారు కాబట్టి ఇన్నాళ్ళు ఆగింది సార్” అన్నాను. ఆయన వంగి బల్ల కింద ప్లగ్ కోసం వెతుక్కున్నారు.

పరామర్శకు ఫరీదాబాద్ వెళ్ళినప్పుడు ఆయన భార్య నా పక్కన కూర్చుని మాట్లాడారు. గుంటూరు వైపు మనిషి. పెద్దగా ఏడవలేదు.

“నువ్వంటే ఆయనకి నమ్మకం బాబూ. ఆ బ్యాటరీ రోజొస్తోందంటే ముందురోజు నుంచే ముభావంగా ఉండేవారు.”

“ఎందుకమ్మా?”

“గుర్గావ్ వెళ్ళాలిగా, మీ మేనేజ్‌మెంట్ వాళ్ళ దగ్గరికి. ఎవరెంత పనిచేస్తున్నారు, ఎవరు లేకపోయినా జరుగుతుంది అని నెలనెలా అడిగేవాళ్ళంట కదా. మీకు తెలిసిందేగా.”

నాకు తెలియదు. “ఊఁ” అన్నాను. మనకు తెలుసనుకుని అవతలివాళ్ళు చెప్పుకుపోతుంటే అడ్డు రావద్దని నేర్పింది ఆయనే.

“ఆఖరికి మీతో పాటు ఒక్కళ్ళే ఉండాలి, ఎవరో మీరే చెప్పండి అన్నారట. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ‘సునీత కాపీయే బాగుంటుంది. కానీ ఆ పిల్ల ప్రశ్నలేస్తుంది. వీడు నోరెత్తడు. వీడి పేరే చెప్పొచ్చాను’ అన్నారు. అంటే నువ్వు నెమ్మదస్తుడివని బాబూ ఆయన ఉద్దేశం.”

టీ చల్లారింది. తాగి లేచాను.

ఒకరు చెబితే చాలదు. అప్పట్లో గుర్గావ్ ఆఫీసులో సిబ్బంది వ్యవహారాలు చూసి, ఇప్పుడు రిటైరైన ఒకాయనకు ఫోన్ చేశాను. నిజమేనన్నాడు. “నెలనెలా వచ్చేవారు. ల్యాప్‌టాప్ తెరిచి మీ అందరి పనీ చూపించేవారు. మీ బ్యూరోని మొత్తం మూసేద్దామని మావాళ్ళు చాలాసార్లు అన్నారు. ప్రతిసారీ ఆయనే అడ్డుపడ్డారు. అది కూడా రాసుకోండి” అన్నాడు. రాసుకున్నాను. అంటే ఆయన కొట్లాడారు, బ్యూరో కోసం. సునీత కోసం కాదు. మమ్మల్ని కాపాడిన రోజూ, మమ్మల్ని అమ్మేసిన రోజూ ఒకటే. ఆ రోజు సాయంత్రమే మాకు నేరేడుపళ్ళు తెచ్చిపెట్టారు.

సునీతకు ఫోన్‌లో చెప్పబుద్ధి కాలేదు. సరోజినీ నగర్ బజారులో కూతురికి స్వెటర్ కొనడానికి వస్తున్నానని ఆమె అంటే అక్కడికే వెళ్ళాను. రెండు దుకాణాల మధ్య నిలబడి అంతా విన్నది. మొదట అడిగింది ఇదీ.

“నా కాపీయే బాగుంటదన్నరా?”

“అన్నారట.”

“ఆ ముక్క నాకు ఒక్కనాడు సుత చెప్పలే గదన్నా.” స్వెటర్ మడత విప్పి మళ్ళీ మడత పెట్టింది. “బ్యాటరీ డెబ్బై మీద ఉన్ననాడు నేను అడిగిన. అడిగిన గదా?”

“అడిగావు.”

“మీరందరు నవ్విన్రు.” నా వైపు తిరిగి, “నువ్వు నోరెత్తవని గదా నిన్ను ఉంచిన్రు. మరి రాస్తవా ఇదంత?” అంది.

“రాస్తాను.”

“రాయి. నా పేరు వెట్టి రాయి. సార్ మంచి మాటలు సుత రాయి, నాకు కాపీ దిద్దుడు నేర్పింది ఆయనే. చూస్త, అచ్చయితదో లేదో.”

అచ్చుకు ఇచ్చేముందు ఆయన భార్యకు కూడా చెప్పాలి కాబట్టి మళ్ళీ ఫరీదాబాద్ వెళ్ళాను. ఆ గుర్గావ్ సంగతి మా ఎవరికీ తెలియదని చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూశారు.

“మరి ఆ రోజు ఊఁ అన్నావే?”

“అలా వినడం నేర్పింది సారే అమ్మా” అన్నాను.

“రాసుకో బాబూ. చెప్పొద్దని ఆయన నాతో అనలేదు. చెప్పారనే అనుకున్నాను ఇన్నాళ్ళూ” అని లేచి, కిటికీ పక్కన బల్ల మీదున్న ఆయన ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్ళారు. రిటైరయ్యాక ఇంటికి తెచ్చుకున్నారు దాన్ని. కింద ఆ రెండు చెక్కముక్కలు అలాగే ఉన్నాయి. ఆమె వంగి పిన్ను లాగేశారు.

“ఇవాళ దించే రోజు. నెలకోసారి దించకపోతే పాడైపోతుందిట కదా.”

“అక్కర్లేదమ్మా. ఎనభై దగ్గర ఆగేలా ఆయన పెట్టే ఉంచారు. అలా వదిలేయండి, చాలు. దించడమే దానికి మంచిది కాదు.”

“ఆయన అబద్ధం చెప్పారని ఒకే రోజు రెండుసార్లు చెప్పకు బాబూ.”

ల్యాప్‌టాప్‌ని రెండు చేతులతో ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, ఒడిలో పెట్టుకున్నారు. దాంట్లో ఆమె చేసే పనేమీ లేదు. ఆరిపోతుంటే వేలితో తాకి వెలిగించుకుంటూ, మూల కనిపించే అంకె తగ్గడం చూస్తున్నారు. నేను చెప్పులు వేసుకుంటూ గదిలోకి చూశాను. ఖాళీ బల్ల కింద, దేనికీ తగిలించని ఛార్జర్ మీద చిన్న పచ్చ దీపం వెలుగుతోంది.